వీవీటీ వైరు పీకేసి బండి నడపొచ్చా? మెకానిక్ పీకేద్దాం అంటున్నాడు

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. నాది 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఏడాదైంది, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజులుగా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది, రెండుసార్లు ఆగిపోయింది కూడా. స్కానర్ పెడితే పి0011 అని కోడ్ వచ్చింది. మా వీధి చివరి మెకానిక్ "వీవీటీ (ఇంజిన్ వాల్వులు తెరిచే, మూసే సమయం మార్చే ఏర్పాటు) పోయింది, వైరు పీకేద్దాం, బండికేమీ కాదు" అంటున్నాడు. సర్వీస్ సెంటర్‌లో వీవీటీ గేరు మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు వినగానే టెన్షన్ పట్టుకుంది. పీకేయొచ్చా?

ఆటోనగర్ పాతకాపు
పీకేయండి. 26 ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాను. ఇలా పీకినవి నా చేతి మీదుగానే చాలా ఉన్నాయి, ఒక్కటీ రోడ్డు మీద ఆగలేదు. కాస్త మందం ఆయిల్ పోయించండి, 20డబ్ల్యూ-50. మన ఎండలకి ఆ పల్చటి ఆయిల్ నీళ్లయిపోతుంది.

కామ్‌షాఫ్ట్
అన్నా, పీకేముందు అదేం పని చేస్తుందో చూద్దాం. గాలికీ బరువుంది. ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలి, పిస్టన్ పైకి తిరిగినంత మాత్రాన ఆగదు. అప్పుడు ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే సిలిండర్ ఇంకాస్త నిండుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు అంతే ఆలస్యం చేస్తే వచ్చిన గాలే వెనక్కి పోతుంది, లాగుడు తగ్గుతుంది. పాత ఇంజిన్లలో ఈ రెంటికీ మధ్య ఒకచోట రాజీపడి, వాల్వుల్ని తెరిచే కామ్ బిగించేవారు.

వీవీటీలో కామ్ చివర, చెయిన్ తిప్పే పళ్లచక్రంలో (స్ప్రాకెట్) ఫేజర్ ఉంటుంది, మీకు గేరు అని చెప్పింది దాన్నే. దాని లోపల రెక్కలు, ఆ రెక్కలకి రెండు వైపులా ఇంజిన్ ఆయిలే. ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ఒక చిన్న ఆయిల్ కంట్రోల్ వాల్వుతో ఆయిల్‌ని ఈ పక్కకో ఆ పక్కకో పంపుతుంది, కామ్ కొన్ని డిగ్రీలు ముందుకో వెనక్కో జరుగుతుంది. పి0011 అంటే కామ్ చెప్పినదానికంటే ముందుకెళ్లి ఉంది, వెనక్కి రావడం లేదని. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, అలా ఉంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరిగి, కాలిన వాయువు మళ్లీ లోపలికొస్తుంది. మీ వణుకు అందుకే. ఇది ముందు ఆయిల్ సమస్యేమో చూడాలి.

పెన్నాతీరం
ఇదే వీటెక్ కదా? మా హోండా సిటీ కారులో ఉంది.

కామ్‌షాఫ్ట్
కాదు. 1989లో ఇంటెగ్రాలో హోండా తెచ్చిన వీటెక్, వాల్వుల్ని నొక్కే రాకర్లని పిన్నుతో కలిపి, ఎత్తు ఎక్కువున్న వేరే కామ్ గుబ్బకి (లోబ్) మారుస్తుంది. అక్కడ మారేది వాల్వు ఎంత లేస్తుంది, ఎంతసేపు తెరిచి ఉంటుంది అన్నది. ఫేజర్ ఎప్పుడన్నది మాత్రమే మారుస్తుంది.

పెన్నాతీరం
ఎంతసేపు అన్నది మారితే టైమింగ్ మారినట్టే కదండీ. కాదని ఎలా అంటారు?

కామ్‌షాఫ్ట్
మారుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఈయన బండిలో ఉన్నది ఫేజర్. అది తేలనివ్వండి.

ఆటోనగర్ పాతకాపు
పాఠం బాగుంది. నిన్నమొన్న వచ్చిన ఈ సరంజామా లేకుండానే లక్షల బళ్లు నడిచాయి.

కామ్‌షాఫ్ట్
నిన్నమొన్న కాదు, ఆల్ఫా రోమియో 1980లోనే స్పైడర్‌లో పెట్టింది. వైరు పీకితే కామ్ మామూలుగా బాగా ఆలస్యపు స్థానానికి వెళ్లి లాక్ అవుతుంది. ఐడిల్‌లో అది ఎలాగూ అక్కడే ఉంటుంది కాబట్టి షెడ్డులో స్టార్ట్ చేస్తే తేడా తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడూ పెట్రోల్ బంకులోనూ తెలుస్తుంది. అయినా ఆ ఆయిల్ కంట్రోల్ వాల్వు మడ్డి వల్ల ఇరుక్కుపోయి ఉంటే వైరు పీకినా అది కదలదు. వణుకు అలాగే ఉంటుంది.

ఆటోనగర్ పాతకాపు
నేను పీకిన బళ్లలో వణుకు తగ్గింది. కళ్లతో చూశాను.

కామ్‌షాఫ్ట్
ఆయిల్ వాల్వు ఇరుక్కోకుండా, దాని స్ప్రింగు బాగున్న వాటిలో తగ్గుతుంది. మిగతావాళ్లు మీ దగ్గరికి తిరిగి రాలేదేమో.

ఆటోనగర్ పాతకాపు
మాట జాగ్రత్త. నా కస్టమర్లు తండ్రుల కాలం నుంచి నా దగ్గరికే వస్తున్నారు. మీలాగే మాన్యువల్ తెచ్చి పల్చటి 5డబ్ల్యూ-30 పోయమని పట్టుబట్టాడొకాయన. లక్షా అరవై వేలు తిరిగిన ఇంజిన్, రింగులు అరిగిపోయాయి. వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగేసింది. నింద నా మీద వేసి, ఊరంతా చెప్పాడు. మాన్యువల్ రాసినవాడు నా షెడ్డుకొచ్చే బండిని చూశాడా?

కామ్‌షాఫ్ట్
నా సంగతీ వినండి. ఒక వర్క్‌షాప్‌లో నన్నడక్కుండా 20డబ్ల్యూ-50 పోశారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ ఆయిల్ ఫేజర్ సన్నటి దారుల్లోకి చేరేసరికి ఆలస్యం, కొన్నాళ్లకి ఇదే కోడ్. ఇంకోచోట ఫేజర్ మార్చి 31 వేలు తీసుకున్నారు. పాతది ఇంటికి తెచ్చి విప్పితే రెక్కలు చక్కగా కదులుతున్నాయి. మూసుకుపోయింది ఆయిల్ వాల్వు జల్లెడ ఒక్కటే. ఎండ మాటకొస్తే, బయట 44 డిగ్రీలున్నా 24 ఉన్నా ఇంజిన్ వేడిని 90 దగ్గర పట్టి ఉంచడానికే థర్మోస్టాట్ ఉంది.

నల్లరేగడి
మీ ఇద్దరి మధ్యలో నేను నలిగాను. నేను కొన్న బండిలో వీవీటీ వైరు పీకేసి, చెక్ ఇంజిన్ లైటు మీద లోపల నల్ల టేపు అంటించి అమ్మారు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) మొదలైనా లైటు కనపడలేదు. అలాగే నడిపి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోగొట్టుకున్నాను. పీకితే బండి నడుస్తుందా లేదా అని మీరు వాదిస్తున్నారు. ఆ లైటు ఇక ఆరదు, తర్వాత వచ్చే జబ్బు తెలియదు, ఆ బండి నాలాంటివాడికే చేరుతుంది. నాకు కోపం అక్కడ.

ఆటోనగర్ పాతకాపు
టేపు అంటించినవాడు దొంగ. నేను చెప్పే పీకాను, బిల్లు మీద రాసి ఇచ్చాను. ఆరు వేల జీతగాడు 30 వేల పార్టు కొనలేక ఏడుస్తుంటే ఏం చెయ్యమంటారు? బండి లేకపోతే అతని పని పోతుంది.

కామ్‌షాఫ్ట్
జల్లెడ కడగమంటాను. 30 వేలకీ పీకేయడానికీ మధ్య అరగంట పనుంది. నా గొడవ మీ అనుభవంతో కాదు పాతకాపుగారూ, ఆ అరగంట ఎవరూ పెట్టకపోవడంతో. సర్వీస్ సెంటర్‌వాళ్లూ పెట్టలేదు.

ఆటోనగర్ పాతకాపు
ఆ మాట మొదటే అనాల్సింది. గోదారిగట్టు తమ్ముడూ, ఆ ఆయిల్ వాల్వు బయటికి తీయించు. 12 వోల్టులు ఒక్క క్షణం తగిలిస్తే లోపలి పిన్ను టక్కుమని కదలాలి. కదలకపోతే కడిగి మళ్లీ చూడు. ఆయిల్ మీద మాత్రం నా మాట మార్చుకోను. అరిగిన ఇంజిన్‌కి పల్చటిది పోయను.

గోదారిగట్టు
నిన్న తీయించాను. జల్లెడ నిండా నల్లటి మడ్డి. మొదటిసారి పిన్ను కదల్లేదు, కడిగాక టక్కుమంది. ఈ బండి ఆయిల్ తాగడం లేదు కాబట్టి మాన్యువల్‌లో ఉన్న 5డబ్ల్యూ-30 పోయించి ఫిల్టర్ మార్పించాను. కోడ్ తుడిచేశాక మళ్లీ రాలేదు, వణుకు పోయింది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గలగలమని శబ్దం మాత్రం వస్తోంది.

కామ్‌షాఫ్ట్
ఫేజర్ లాక్ పిన్ను అరిగి ఉండొచ్చు. ఆ శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి, నెలకోసారి పోల్చి చూడండి.

ఆటోనగర్ పాతకాపు
టైమింగ్ చెయిన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా చూపించు తమ్ముడూ. రెండిటి శబ్దం ఒకేలా ఉంటుంది.