నాన్సీ హార్ట్ కథలో ఎంత నిజం?

అందరికీ నమస్కారం. మేము అమెరికాలోని జార్జియాలో ఉంటాం. మా అమ్మాయి ఏడో తరగతి, స్కూల్ ప్రాజెక్టుకి నాన్సీ హార్ట్‌ని ఎంచుకుంది, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఇక్కడ ఉన్న వీరవనితగా చెప్పుకునే ఆవిడ. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ల వారసురాళ్ల సంఘం (1890లో మొదలైన డీఏఆర్) ఉంది కదా, దాని మిల్లెడ్జ్‌విల్ శాఖకి ఈవిడ పేరే పెట్టుకున్నారు, హార్ట్ కౌంటీ కూడా ఈవిడ పేరు మీదే.

కథ తెలిసే ఉంటుంది: బ్రిటిష్ పక్షం సైనికులు ఇంటికొచ్చి ఆవిడ టర్కీ కోడినే చంపి వండిపెట్టమంటే, ఈవిడ వాళ్లకి బాగా తాగించి, తుపాకులు ఒక్కొక్కటిగా గోడ సందులోంచి బయటికి జార్చేసి, ఒకడిని కాల్చి మిగతావాళ్లని ఉరి తీయించిందట. మా అమ్మాయికి తెగ నచ్చేసింది, నాకూ నచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఇది అచ్చులోకి వచ్చింది 1820ల్లో, అంటే యుద్ధమైన నలభై ఏళ్లకి. 1912లో ఆవిడ ఇల్లున్న చోటి దగ్గర్లో రైలు పట్టాల పనిలో ఆరు అస్థిపంజరాలు దొరికాయంటారు, అవి ఆ సైనికులవేనని రుజువేంటి?

భూమి పత్రాలు, పెన్షన్ కాగితాలు లాంటివి ఎక్కడ వెతకాలి? వారసులం కానివాళ్లం శాఖవాళ్లని అడిగితే సాయం చేస్తారా? ఇలాంటి ప్రాజెక్టు చేయించినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్, వచ్చే శుక్రవారమే ఇవ్వాలి, టెన్షన్ అంతా నాదే.