పీయూసీ19 లిగేషన్: దాదాపు అన్నీ నీలం కాలనీలే, చుట్టూ తెల్ల చుక్కలు. తప్పు ఎక్కడ?

కొత్తపిపెట్:
క్లోనింగ్‌లో ఇంకా అఆల దగ్గరే ఉన్నాను, ప్రశ్నలు మరీ చిన్నవైతే ఏమనుకోకండి.

పీసీఆర్‌తో నకళ్ళు తీసిన 900 బేస్‌ల డీఎన్ఏ ముక్కను (ఇన్సర్ట్) పీయూసీ19 అనే ప్లాస్మిడ్‌లో, అంటే చిన్న డీఎన్ఏ వలయంలో (వెక్టర్) పెట్టాలి. ప్రైమర్ల (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ తునకలు) కొసన ఈకోఆర్‌వన్, హిండ్‌త్రీ అనే కోత ఎంజైముల సైట్లు, వాటికి బయట రెండేసి బేస్‌లు అదనం. ముక్కనూ ప్లాస్మిడ్‌నూ రెండు ఎంజైములతో 37 డిగ్రీల దగ్గర గంటసేపు కోసి, జెల్ నుంచి తీశాను. 20 మైక్రోలీటర్ల లిగేషన్‌లో వెక్టర్ 50 నానోగ్రాములు, ఇన్సర్ట్ 150 నానోగ్రాములు (మూడుకి ఒకటి అంటారు కదా), అతికించే ఎంజైము టీ4 లిగేస్, 16 డిగ్రీల దగ్గర రాత్రంతా.

అందులోంచి 10 మైక్రోలీటర్లు తీసి 50 మైక్రోలీటర్ల డీహెచ్5 ఆల్ఫా (ఒక ఈ.కోలై బాక్టీరియా రకం) కణాల్లో కలిపాను. పీసీఆర్ ట్యూబులో మంచు మీద 30 నిమిషాలు, 42 డిగ్రీల్లో 90 సెకన్లు, మళ్ళీ మంచు, తర్వాత 950 మైక్రోలీటర్ల ఎస్ఓసీ అనే పోషక ద్రవంలో గంట. అంపిసిలిన్ (యాంటీబయాటిక్), ఎక్స్-గాల్ (విరిగితే నీలమయ్యేది), ఐపీటీజీ (దాన్ని విరిచే జన్యువును పనిచేయించేది) ఉన్న ప్లేటు మీద 100 మైక్రోలీటర్లు పరిచి 24 గంటలు ఉంచాను.

పెద్ద కాలనీలు 11 వచ్చాయి. తొమ్మిది నీలం (ముక్క చేరనివి), రెండు తెలుపు (చేరి ఉండాల్సినవి). ఒక్కో పెద్దదాని చుట్టూ ఆవగింజలో సగం కూడా లేని తెల్ల చుక్కలు గుంపుగా ఉన్నాయి. కోయని ప్లాస్మిడ్ 100 పికోగ్రాములు ఇదే పద్ధతిలో వేస్తే ఆ ప్లేటులో 150 కాలనీలు, అన్నీ నీలం.

ఆ చుక్కలు తెల్లవే కదా, అవి క్లోన్లేనా? తప్పు కణాలదా, లిగేషన్‌దా? అసలు ఆ వేడి దెబ్బ దేనికి?

అగార్‌గడ్డ:
చుక్కల సంగతి ముందు. అవి క్లోన్లు కావు, ముట్టుకోకండి. ప్లాస్మిడ్ ఉన్న కణం బీటా-లాక్టమేస్ అనే ఎంజైమును తయారుచేసి కణం బయటి పొరకు లోపల దాచుకుంటుంది. కాలనీ ముదిరేకొద్దీ అది చుట్టూ ఉన్న అగార్‌లోకి కారి అక్కడి అంపిసిలిన్‌ను విరగ్గొడుతుంది. అప్పటిదాకా పెరగలేక పడి ఉన్న, ప్లాస్మిడ్ లేని కణాలు ఆ వలయంలో లేస్తాయి. ప్లాస్మిడ్ లేదు కాబట్టి ఎక్స్-గాల్‌ను విరిచే శక్తీ లేదు, అందుకే తెలుపు. తెలుపు చూసి మోసపోయేది ఇక్కడే. అనుమానముంటే ఒక చుక్కను తీసి కొత్త అంపిసిలిన్ ప్లేటు మీద గీయండి, ఏమీ రాదు.

దీనికి విరుగుడు ప్లేటును 24 గంటలు ఉంచకపోవడమే. 16 గంటలకు తీసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. నీలం సరిగా తేలకపోతే 4 డిగ్రీల దగ్గర కొన్ని గంటల్లో ముదురుతుంది. అంపిసిలిన్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు ఉండాలి, అగార్ 50 డిగ్రీలకు చల్లారాకే కలపాలి. ఫ్లాస్కు చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉన్నప్పుడు పోస్తే సగం మందు అక్కడే చస్తుంది. ఎంత చేసినా చుక్కలు వస్తుంటే కార్బెనిసిలిన్‌కు మారండి, అది ఇంత తొందరగా విరగదు.

లిగేస్‌లెక్క:
కణాల లెక్క తీద్దాం. ట్యూబులో 100 పికోగ్రాములు, మొత్తం ఒక మిల్లీలీటరు, పరిచింది అందులో పదో వంతు. అంటే ప్లేటు మీదకు వెళ్ళింది 10 పికోగ్రాములు, 0.00001 మైక్రోగ్రాము. 150ని దాంతో భాగిస్తే మైక్రోగ్రాముకు కోటిన్నర. మామూలు లిగేషన్‌కు ఇది చాలు. పైగా పీసీఆర్ ట్యూబు గోడ పలచన, దానికి 30 సెకన్లు సరిపోతాయి. 90 సెకన్లు ఉడికించినా ఇంత వచ్చిందంటే కణాలు గట్టివే.

మీ ప్లేటు అసలు కథ ఆ తొమ్మిది నీలం కాలనీల్లో ఉంది. నీలం అంటే ల్యాక్‌జెడ్ ఆల్ఫా ముక్క (ఎక్స్-గాల్‌ను విరవడానికి ప్లాస్మిడ్ ఇచ్చే జన్యు భాగం, ఇన్సర్ట్ దూరితే చెడేది) చెక్కుచెదరలేదు. ఆ ప్లాస్మిడ్ కోయకుండా మిగిలినదైనా కావాలి, ఒకే ఎంజైము కోసి తిరిగి అతుక్కున్నదైనా కావాలి. ఏది అన్నది తేల్చే కంట్రోల్ మీరు పెట్టలేదు. కోసిన వెక్టర్‌ను లిగేస్ లేకుండా ఒక ట్యూబులో, లిగేస్‌తో కానీ ఇన్సర్ట్ లేకుండా ఇంకో ట్యూబులో వేయండి. మొదటి దాంట్లోనే నీలం వస్తే కోత పూర్తవలేదు. రెండో దాంట్లోనే వస్తే ఒకవైపే తెగింది. ఆ రెండు సైట్ల మధ్య ఉన్నది 50 బేస్‌ల చిల్లర మాత్రమే కాబట్టి ఒకసారి తెగిందా రెండుసార్లా అన్నది జెల్ మీద కంటికి ఆనదు.

ఇన్సర్ట్‌వైపు నా అనుమానం ప్రైమర్ల మీద. రెండు బేస్‌ల అదనం ఈకోఆర్‌వన్‌కు సరిపోవచ్చు గానీ హిండ్‌త్రీ కొసల దగ్గర మహా బద్ధకిస్టు. దానికి పట్టు దొరకాలంటే సైట్ బయట ఆరు బేస్‌లు ఇవ్వండి. కొత్త ప్రైమర్లు తెప్పించే వీలు లేకపోతే కోతను గంటతో ఆపక రాత్రంతా ఉంచి చూడండి.

ఇక మూడుకి ఒకటి. అది బరువుల నిష్పత్తి కాదు, అణువుల నిష్పత్తి. వెక్టర్ సుమారు 2,700 బేస్‌లు, ఇన్సర్ట్ 900, అంటే మూడో వంతు పొడవు. 50 నానోగ్రాముల వెక్టర్‌కు సమాన అణువులు కావాలంటే ఇన్సర్ట్ 17 నానోగ్రాములు, మూడు రెట్లంటే 50. మీరు వేసిన 150 తొమ్మిది రెట్లు. అంత ఎక్కువైతే వెక్టర్ రెండు కొసలకూ వేర్వేరు ఇన్సర్ట్‌లు వచ్చి కూర్చుంటాయి, వలయం మూసుకోదు.

జెల్ నుంచి ముక్క కోసేటప్పుడు ఏ వెలుగు వాడారు? 302 నానోమీటర్ల యూవీ మీద నిమిషం పెట్టినా డీఎన్ఏలో పక్కపక్క థైమీన్లు అతుక్కుపోతాయి, క్లోన్ల సంఖ్య దారుణంగా పడిపోతుంది. నీలి ఎల్‌ఈడీ గానీ 365 గానీ వాడి, కొన్ని సెకన్లలో కోసేయండి.

మంచుడబ్బా:
పై లెక్కలకు తోడు ఒకటి. 50 మైక్రోలీటర్ల కణాల్లో 10 మైక్రోలీటర్ల లిగేషన్ చాలా ఎక్కువ. పదో వంతు, అంటే 5 దాటకూడదు, 2 వేసినా చాలు. లిగేషన్‌తో పాటు వచ్చే ఉప్పులు కణాల చుట్టూ ఉన్న కాల్షియం పరిస్థితిని చెడగొడతాయి.

వేడి దెబ్బ ఎందుకంటే: డీఎన్ఏ మీద ఫాస్ఫేట్‌ల వల్ల రుణావేశం, ఈ.కోలై బయటి పొర మీదా రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాల్షియం అయాన్లు మధ్యలో చేరి ఆ తగువు తీరుస్తాయి. సున్నా డిగ్రీల దగ్గర డీఎన్ఏ పొరకు అంటుకుంటుంది. ఒక్కసారిగా 42కి తెచ్చే కుదుపుతో కొంత లోపలికి జారుతుంది. కాల్షియం క్లోరైడ్‌తో ఈ.కోలైలోకి ఫేజ్ డీఎన్ఏను ఎక్కించవచ్చని మాండెల్, హీగా 1970లో చూపించారు. 1972లో ప్లాస్మిడ్‌కూ పనిచేసింది. మంచు మీద ఉన్న 30 నిమిషాల్లో కణాలను పిపెట్‌తో పైకీ కిందకీ లాగకండి, వేలితో మెల్లగా తట్టండి. అప్పుడు వాటి పొర గాజు పెంకులా ఉంటుంది.

వాటర్‌బాత్ తెర మీద 42 అని ఉంటే నమ్మొద్దు, నీళ్ళలో థర్మామీటర్ ముంచి చూడండి.

కొత్తపిపెట్:
యూవీ 302నే, నిమిషం పైనే పెట్టాను. ఆ రెండు తెల్ల కాలనీలను ఏం చేయమంటారు? ఇదే ముక్కను తర్వాత కనమైసిన్ వెక్టర్‌లోకి మార్చాలి, ఎస్ఓసీ గంటను తగ్గించవచ్చా?

లిగేస్‌లెక్క:
తెల్లవాటికి కాలనీ పీసీఆర్, అంటే కాలనీ కణాలతోనే నేరుగా పీసీఆర్. టిప్‌తో కాలనీని తాకీ తాకనట్టు తాకి, ముందు కొత్త ప్లేటు మీద చుక్క పెట్టి, తర్వాత 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో ముంచండి. ఎక్కువ కణాలు పడితే పీసీఆరే ఆగిపోతుంది. మొదటి 95 డిగ్రీల మెట్టు 5 నిమిషాలు పెడితే కణాలు పగులుతాయి. ఎమ్13 ప్రైమర్లు (ప్లాస్మిడ్‌లో ఇన్సర్ట్ చోటుకు అటూ ఇటూ అంటుకునేవి) వాడండి: ఇన్సర్ట్ ఉంటే సుమారు వెయ్యి దగ్గర బ్యాండ్, లేకపోతే ఎక్కడో అట్టడుగున. ఇన్సర్ట్ ప్రైమర్లు రెండూ వాడితే మాత్రం ప్లేటు మీద మిగిలిన లిగేషన్ డీఎన్ఏ కూడా బ్యాండ్ ఇచ్చి బోల్తా కొట్టిస్తుంది. బ్యాండ్ వచ్చినా మొత్తం ఇన్సర్ట్‌ను సీక్వెన్స్ చేయించాలి, పీసీఆర్‌లో నకళ్ళు తీసే ట్యాక్ పాలిమరేస్ తప్పులు చేస్తుంది.

అగార్‌గడ్డ:
కనమైసిన్‌కు ఆ గంట తగ్గించకండి. అంపిసిలిన్ దెబ్బ కొత్త కణగోడ కట్టే చోట పడుతుంది కాబట్టి కణం కాస్త తట్టుకుని నిలబడి, ఈలోగా బీటా-లాక్టమేస్ తయారుచేసుకుంటుంది. కనమైసిన్ నేరుగా రైబోజోమ్‌ను పట్టుకుంటుంది. ప్రతిఘటించే ప్రొటీన్ తయారవకముందే ప్రొటీన్ల తయారీ ఆగితే ఇక ఆ కణం లేచేది లేదు. పూర్తి గంట, 37 డిగ్రీలు, నిమిషానికి 200 పైన చుట్లతో ఊపుతూ.

లిగేస్ బఫర్‌ను కూడా ఓసారి చూసుకోండి. అందులో ఉండేది లిగేస్‌కు శక్తినిచ్చే ఏటీపీ, పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే పోతుంది. కొత్త ట్యూబు రాగానే 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి పెట్టుకుని, కరిగించినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లోకి పంపకండి. కరిగాక అడుగున తెల్లటి పొడి కనిపిస్తే అది బఫర్‌లోని డీటీటీ అనే రసాయనం, అరచేతిలో వెచ్చబెట్టి బాగా కలిపితే కరిగిపోతుంది.