సమస్యాపూరణం: «సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె»

నిర్వాహకుడు:
ఈ వారానికి ఆటవెలది చివరి పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను.

సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

సున్నను తినడమంటే ఏమీ తినకపోవడమే కదా, అటువంటివాడికి సుఖమెక్కడిదన్నది ఇక్కడి విరోధం. పరిహారానికి దారి కూడా నేనే చెబుతున్నాను: ఈసారి సున్న అంటే బేగెల్ అనే గుండ్రటి రొట్టె, అదీ అంగట్లో నిలబడి తిన్నది కాక ఇంట్లో కూర్చుని తిన్నది. దారి చూపించేశాక ఇక సమస్య ఏముందని అవధానప్రియులు కోప్పడవచ్చు గాని, పోయినసారి విషయం చెప్పకుండా వదిలిపెడితే సగం పూరణలు రాజకీయాల మీదికి పోయాయి.

ఒకటి, మూడు పాదాలలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాలలో ఐదేసి సూర్యగణాలు, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి ఉండాలి, ప్రాసయతి చెల్లుతుంది. «బేగెలు» భగణం గనుక ఇంద్రగణం ఉన్నచోట చక్కగా ఇముడుతుంది, కాని చివరి పాదంలో «సున్న» ఉండగా ఆ పేరు మళ్లీ చెప్పనక్కరలేదని నా అభిప్రాయం.

ఎడిసన్ అమ్మమ్మ:
న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో ఉండే నాకు ఛందస్సు కన్నా పిండి బాగా తెలుసు. తప్పులుంటే దిద్దండి.

ముద్ద చుట్టి మధ్య ముద్దుగాఁ దూఁటిడి
మరుగు నీట ముంచి మరల నెత్తి
నువ్వు లద్ది కాల్చ నోరూరఁ దెలవార
సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

ఆదివారం పొద్దున తినాలంటే శనివారం సాయంత్రమే పిండి కలుపుకోవాలి. చపాతీ పిండి కన్నా గట్టిగా, చేయి నొప్పి పుట్టేదాకా మర్దించి, చుట్టలు చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున ఒకదాన్ని చల్లనీళ్ల గిన్నెలో వేసి చూస్తాను. తేలితే సిద్ధమైనట్టు, మునిగితే ఇంకాసేపు ఆగాలి. మరిగే నీటిలో ఒక్కొక్క వైపు అర నిమిషం ఉంచి, నువ్వులో గసగసాలో అద్ది, 230 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఇరవై నిమిషాలు కాలుస్తాను. అంగళ్లవాళ్లు ఆ నీటిలో బార్లీ మాల్ట్ కలుపుతారు గాని, మా ఇంట్లో చెంచాడు బెల్లమే దిక్కు.

తెనాలి మాస్టారు:
అమ్మా, గణాలూ యతులూ నిర్దోషంగా ఉన్నాయి. «ను–నో» యతి కూడా చెల్లుతుంది. నా ఆక్షేపణ ఛందస్సు మీద కాదు, పని మీద. పిండిని తాడులా సాగదీసి చేతి చుట్టూ చుట్టి కొసలు అతికితే తూటు దానంతటదే ఏర్పడుతుంది. పాత న్యూయార్కు పనివాళ్లది ఆ పద్ధతి. ఉండ చేసి మధ్యలో వేలు దూర్చడం రెండో పద్ధతి. మీ మొదటి పాదంలో «చుట్టి» అని, వెంటనే «తూఁటిడి» అన్నారు కాబట్టి రెండు పద్ధతులూ కలిసిపోయినట్టున్నాయి. «ఉండ చుట్టి మధ్య నొప్పుగాఁ దూఁటిడి» అంటే అనుమానం తీరుతుంది, «ఉ–ఒ» యతీ కుదురుతుంది.

రెండో పాదానికి మాత్రం ప్రత్యేకంగా మెచ్చుకోవాలి, ఎందుకంటే ఈ రొట్టె గుట్టంతా ఆ మరిగే నీటిలోనే ఉంది. ఉడికినప్పుడు పైపొరలోని పిండి జిగురై బిగుసుకుంటుంది. ఆ బిగువు వల్ల పొయ్యిలో పెట్టాక అది మామూలు రొట్టెలా పొంగలేక, లోపల సాగుడుగా, పైన మెరుపుతో తయారవుతుంది. ఇక తూటు సంగతి గారె వండేవాళ్లకు చెప్పవలసిన పని లేదు. వేడి మధ్యకు చేరడానికి గారెకు ఏ తూటు పెడతామో దీనికీ అదే.

ఎడిసన్ అమ్మమ్మ:
మాస్టారూ, «ఉండ చుట్టి» అనే నా ఉద్దేశం. కాని «ముద్దుగా» పోతుందంటే మనసొప్పడం లేదు. నా పాదం నాకే ఉంచండి.

క్వీన్స్ కరణం:

పురిటి యింటి కిడిన పోలండు రొట్టెను
పడతి కొంత కొఱికి పతికి నీయ
బిడ్డఁ జూచి మురిసి పెండ్లాము నగుచుండ
సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

పోలండ్‌లోని క్రాకోవ్ నగరపు యూదు సంఘం 1610లో రాసుకున్న కట్టుబాట్లలో ఈ రొట్టె ప్రస్తావన ఉంది. ప్రసవించే స్త్రీకి కానుకగా ఇవ్వదగిన వాటిలో దీన్ని పేర్కొన్నారు. బాలింతకు మనం కాయం పెట్టినట్టు వాళ్లు బేగెల్ పెట్టారన్నమాట. 1683లో వియన్నాను కాపాడిన పోలండ్ రాజు గుర్రపు రికాబు ఆకారంలో దీన్ని తొలిసారి చేశారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది గాని, అంతకు డెబ్బై మూడేళ్ల ముందే పేరు కాగితం మీదికి ఎక్కినప్పుడు ఆ కథ నిలవదు.

తెనాలి మాస్టారు:
సమస్యలో «వాఁడు» అని పుంలింగం ఉండగా పురిటింటి రొట్టెను ఎలా ఇముడుస్తారా అని చూశాను. మొగుడి చేతికి అందించి బాగా తప్పించుకున్నారు. «బి–పె» యతి సరైనదే. అయితే రెండో పాదంలో «పడతి», మూడో పాదంలో «పెండ్లాము» అన్నందువల్ల ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారేమోనని చదివేవాడు కంగారుపడతాడు. «ప్రియురాలు నగుచుండ» అంటే యతి చెడకుండా శైలి కూడా ఒకే తీరుగా ఉంటుంది.

ఎడిసన్ అమ్మమ్మ:
బిడ్డ పుట్టి పది రోజులు కాలేదు, ఆవిడకు నిద్ర లేదు, ఇంకా ప్రియురాలేమిటండీ? పెండ్లామే ఉండనివ్వండి.

బ్రూక్లిన్ లెక్కలవాడు:

కొట్టువాఁడు కోయఁ గూడును పన్నంచు
ఇంటఁ గత్తితోడ నిమ్ముగాను
రెండు సేసి యందు మెండుగా జున్నిడి
సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

ఇది కల్పన కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో కోయని బేగెల్ ఇంటికి తెచ్చుకుంటే అమ్మకపు పన్ను లేదు. కొట్టులోనే కోసినా, వెన్న రాసినా అది సిద్ధాహారం కింద లెక్కకు వచ్చి పన్ను పడుతుంది. అందుకని నేను ఆదివారం ఉదయం డజను తీసుకుంటాను, వాళ్లు పదమూడు ఇస్తారు, కాగితపు సంచి ఒళ్లో పెట్టుకుంటే ఇంటికి చేరేదాకా చలి తెలియదు. పదమూడోది ఇల్లు చేరిన దాఖలా మాత్రం మా ఇంటి చరిత్రలో లేదు.

తెనాలి మాస్టారు:
మూడో పాదంలో «రెండు–మెండు» ప్రాసయతి హాయిగా ఉంది. «జున్ను» మీద మాత్రం ఒక మాట. మన జున్ను ఈనిన ఆవు మొదటి పాలతో వండేది, బెల్లం, మిరియాలు వేసేది. మీరు పూసింది క్రీమ్ చీజ్, అంటే మీగడకు దగ్గరి చుట్టం. ఆ పూతను యూదులు తమ యిద్దిష్ భాషలో ష్మియర్ అంటారు, తెలుగులో «పూత» అనే మాట దానికి అచ్చంగా సరిపోతుంది. పద్యంలో జున్నును సహిస్తాను గాని వంటింట్లో అలా పిలవకండి, పిల్లలు నిజమైన జున్ను రుచి మరిచిపోతారు.

క్వీన్స్ కరణం:
నాదొక సందేహం. రెండు చేశాక అది ఇంకా సున్నేనా?

బ్రూక్లిన్ లెక్కలవాడు:
అడ్డంగా కోస్తే రెండు సున్నలు వస్తాయి, ఎన్ని సున్నలు కూడినా సున్నే. నిలువుగా కోసేవాళ్ల సంగతి నాకు తెలియదు.

మాంట్రియల్ విద్యార్థి:
ఇది నా తొలి పూరణ.

మంచు కురియు వేళ మాంట్రియల్ నగరాన
తేనె నీట నుడికి తీపి యబ్బి
కట్టెలపొయ్యి నుండి కరకరలాడెడు
సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

తెనాలి మాస్టారు:
నాయనా, మొదటి రెండు పాదాలూ ముచ్చటగా ఉన్నాయి. «మాంట్రియల్» రగణంగా ఇంత బాగా ఒదుగుతుందని నేననుకోలేదు. మూడో పాదంలో గణభంగం జరిగింది. «కట్టె» హగణం అయ్యాక «లపొయ్యి» అని లఘువు, గురువు, లఘువు వస్తున్నాయి, సూర్యగణాలలో అటువంటిది లేదు. ఒక్క «ల» తీసివేసి «కట్టెపొయ్యి నుండి» అను, పాదం దానంతటదే నిలబడుతుంది. మా అమ్మ ఏనాడూ కట్టెలపొయ్యి అనలేదు, కట్టెపొయ్యి అనే అనేది. వాడుకలో ఉన్న మాటే ఛందస్సుకూ సరిపోవడం చూడు.

మాంట్రియల్ విద్యార్థి:
దిద్దుకున్నాను, మాస్టారూ, ధన్యవాదాలు. ఇక్కడి బేగెల్ న్యూయార్కుదాని కన్నా చిన్నది, సన్ననిది, తూటు మాత్రం పెద్దది. తేనె కలిపిన నీటిలో ఉడికించి కట్టెల మంట మీద కాలుస్తారు. ఫెయిర్‌మౌంట్ వీధి అంగడివాళ్లు 1919లో వ్యాపారం మొదలుపెట్టారు, సేంట్ వియేటర్ వీధి అంగడి 1957 నాటిది. ఏది మేలన్న తగవు ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా తెగదు. నేను ఆరు కొని గదికి తెచ్చుకుంటే, పరీక్షల రోజులలో ఒక్కటీ కోయకుండా, ఏమీ పూయకుండా, చేగోడీలా చేత్తో విరుచుకుని తింటాను. తరువాత నా పుస్తకంలో పేజీ పేజీకీ నువ్వులు రాలుతుంటాయి.

హ్యూస్టన్ ఖగోళం:
మాంట్రియల్ మాట వచ్చింది గనుక నాదీ ఒకటి.

భూమి విడిచి యెగిరి పోయి యాకసమున
తేలు నింట నిల్వు తెలియకున్న
శూన్యమందుఁ గూడ సొంతయూరి రుచుల
సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

మాంట్రియల్‌లో పుట్టిన వ్యోమగామి గ్రెగరీ షామిటాఫ్ 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పద్దెనిమిది నువ్వుల బేగెళ్లు పట్టుకుపోయాడు. అతడు నెలల తరబడి అక్కడే ఉన్నాడు కాబట్టి దాన్ని ఇల్లనుకోవడానికి నిర్వాహకులు ఒప్పుకోవాలి.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను. శూన్యంలో సున్న తినిపించడం బాగుంది. «తేలు నింట» అన్నచోట ఒక్క క్షణం తేలు కుట్టే ఇల్లనుకుని ఉలిక్కిపడ్డాను, అంతే. మరొక ఇద్దరు సున్నను తమలపాకు సున్నంగా, లెక్కల పరీక్షలో వచ్చిన సున్నాగా పూరించి పంపారు. చమత్కారంగా ఉన్నా విషయానికి బయటివి కనుక వాటిని పక్కన పెట్టాను.

లాంగ్ ఐలాండ్ పొరుగువాడు:

ఒక్కపొద్దు తీరి యుడువులు గనుపింప
బంధు లెల్లఁ జేరి బల్లచుట్టు
పారణంబు సేయఁ బైన జున్నద్దిన
సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

మా పక్కింటి యూదు దంపతులు యోమ్ కిప్పూర్ అనే ఉపవాస దినం నాటి రాత్రి మమ్మల్ని కూడా పిలుస్తారు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడ్డాక ఉపవాసం విడుస్తారు. బల్ల మీద బేగెళ్లు, క్రీమ్ చీజ్, ఉప్పునీటిలో ఊరిన సాల్మన్ చేప పలుచని ముక్కలు, ఉల్లిచక్రాలు ఉంటాయి. మేము చేప తినం గనుక మా కోసం టమాటా ముక్కలు వేరే పళ్లెంలో పెడతారు, మేము తీసుకువెళ్లే కారప్పొడిని ఆ ఇంటి పెద్దాయన క్రీమ్ చీజ్ మీద చల్లుకుంటాడు. ఆయన మొదటి ముక్క కొరికి కళ్లు మూసుకున్నప్పుడు ఎవరూ మాట్లాడరు.

తెనాలి మాస్టారు:
ద్వాదశి పారణతో పోల్చడం ఉచితంగా ఉంది, «పా–బై» యతి కూడా సరిపోయింది. కాని ఒక్కపొద్దు అంటే రోజుకు ఒక్కసారి తినే వ్రతం. వాళ్లది ఇరవై ఐదు గంటలు మంచినీళ్లు కూడా ముట్టని కటిక ఉపవాసం. «ఉపవసించి తుదకు నుడువులు గనుపింప» అని మారిస్తే అర్థమూ నిలుస్తుంది, యతీ చెడదు.

లాంగ్ ఐలాండ్ పొరుగువాడు:
మార్చాను. ఇది నిజంగా పెద్ద పొరపాటే, ఆ పెద్దాయనకు తెలుగు రాకపోవడం వల్ల బతికిపోయాను.

క్వీన్స్ కరణం:
మాస్టారు చేతి చుట్టూ పిండి చుట్టే పనివాళ్ల మాట ఎత్తారు గనుక చెబుతున్నాను. న్యూయార్కులో వాళ్లకు లోకల్ 338 అనే సంఘం ఉండేది, తండ్రి తరువాత కొడుకుకే అందులో చోటు దొరికేది. 1951 డిసెంబరులో వాళ్లు పని ఆపేస్తే నగరానికి బేగెళ్ల కరువు వచ్చింది. డేనియల్ థాంప్సన్ కనిపెట్టిన యంత్రాన్ని 1963లో లెండర్స్ అనే బేగెల్ తయారీ సంస్థవాళ్లు వాడుకలోకి తెచ్చాక ఆ చేతిపనికి గిరాకీ తగ్గి, గడ్డకట్టించిన బేగెళ్ల సంచి అమెరికా అంతటా ఇళ్లకు చేరింది. ఇంట్లో తినే అలవాటు అంత దూరం పాకడానికి కారణం ఆ సంచే. నేనూ ముందే కోసి ఫ్రీజర్‌లో దాస్తాను, కోయకుండా దాస్తే తరువాత కత్తి దిగదు. టోస్టర్ అడుగున రాలి మాడిన నువ్వుల వాసనే మా ఇంట్లో ఆదివారానికి గుర్తు.

తెనాలి మాస్టారు:
అందరినీ దిద్దినవాడు తానూ ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు. ఈ చలికాలం ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. లెక్కలవారు నిలువుకోత సంగతి తెలియదన్నారు కదా, ఆ కోత మాది.

మనుమరాలి చేత మఱుచెక్క నుంచి యీ
తాత మిగులు సగము తగఁ దినంగ
నక్షరాల నద్ది యరసున్న యైనను
సున్నఁ దిన్నవాఁడు సుఖము గాంచె

బ్రూక్లిన్ లెక్కలవాడు:
నిలువుగా కోస్తే అరసున్న! పైగా నిర్వాహకులు ఇచ్చిన పాదంలో «సున్నఁ» అన్నచోట సున్న పక్కనే అరసున్న కూర్చుని ఉంది. ఇన్ని రోజులుగా చూస్తూ కూడా నాకు తట్టలేదు.

నిర్వాహకుడు:
ఇచ్చిన నాకే తట్టలేదు. అయితే విమర్శ అందరికీ సమానం కావాలి కనుక అడుగుతున్నాను: రెండో పాదంలో «తగఁ» కేవలం యతి కోసం వచ్చిన మాట కాదా?

తెనాలి మాస్టారు:
అవును, దొరికిపోయాను. «తా–త» కోసమే వచ్చింది.

ఎడిసన్ అమ్మమ్మ:
అది సరే గాని మాస్టారూ, ఏ సగం ఇచ్చారు పిల్లకు?

తెనాలి మాస్టారు:
నువ్వులు ఎక్కువగా ఉన్నది. నేనిచ్చింది కాదమ్మా, అదే చూసి తీసుకుంది.