లింఫోమా (రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్) బయాప్సీ రిపోర్టులో మాక్రోఫేజ్‌ల (ఇతర కణాలను, క్రిములను మింగే రోగనిరోధక కణాల) లెక్క రాయాలా, వద్దా?

పారాఫిన్‌బ్లాక్:
క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమాలో గడ్డంతా క్యాన్సర్ కణాలే ఉండవు. అసలు క్యాన్సర్ కణాలు, అంటే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు, చాలా కేసుల్లో నూటికి ఒకటి నుంచి ఐదు దాకానే. మిగతాదంతా టీ కణాలు, మాక్రోఫేజ్‌లు, ఇయోసినోఫిల్స్, ప్లాస్మా కణాలు, ఫైబ్రోబ్లాస్టులు. అంత పెద్ద భాగాన్ని రిపోర్టుల్లో "రియాక్టివ్ బ్యాక్‌గ్రౌండ్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. 2010లో వాంకూవర్ బృందం సిడి68 స్టెయిన్ (మాక్రోఫేజ్‌లను గుర్తించే యాంటీబాడీ రంగు) వేసి చూస్తే, మాక్రోఫేజ్‌లు ఎక్కువగా ఉన్నవాళ్లలో మొదటి చికిత్స విఫలమవడం ఎక్కువగా కనిపించింది. తొలి దశ జబ్బుతో, 5 శాతం లోపు మాక్రోఫేజ్‌లతో ఉన్నవాళ్లలో ఆ జబ్బు వల్ల ఎవరూ చనిపోలేదు. తర్వాత ఈ2496 ట్రయల్ నమూనాల్లోనూ అదే ధోరణి తేలింది. సిడి68 అరుదైన స్టెయినేమీ కాదు. ప్రతి హాడ్జ్‌కిన్ రిపోర్టులోనూ ఆ శాతం రాయాలన్నది నా వాదన.

ఆంకోవార్డు:
సరే, రాశారు. 30 శాతం అని వచ్చింది. ఇప్పుడు ఏబీవీడీ (హాడ్జ్‌కిన్‌కు ఇచ్చే నాలుగు మందుల కీమో) ఆపాలా? మందు పెంచాలా? ఆ అంకెను బట్టి చికిత్స మార్చమని చెప్పే ప్రామాణిక మార్గదర్శకం లేదు. చికిత్సను నిజంగా మలుపు తిప్పేది రెండు సైకిళ్ల కీమో తర్వాత తీసే పెట్ స్కాన్. ముదిరిన దశలో అది నెగటివ్ అయితే ఏబీవీడీలోని బ్లియోమైసిన్ తీసేయొచ్చని, పాజిటివ్ అయితే తీవ్రమైన కీమోకు మారొచ్చని 2016లో వచ్చిన రాథల్ ట్రయల్ చూపించింది. చేతికి పని చెప్పని అంకె రోగికి భయమే మిగులుస్తుంది.

స్లయిడ్‌చూపు:
అసలు ఆ అంకెను ఎలా తీస్తున్నామో ముందు మాట్లాడుకుందాం. అన్ని పరిశోధనల్లోనూ ఒకే ఫలితం రాకపోవడానికి ఒక ముఖ్య కారణం అక్కడే ఉంది.

సిడి68కి వాడుకలో ఉన్న క్లోన్లు (యాంటీబాడీ రకాలు) ప్రధానంగా రెండు: కేపీ1, పీజీఎం1. కేపీ1 లైసోసోమ్‌లున్న (కణం లోపలి జీర్ణ సంచులున్న) ఇతర మైలాయిడ్ కణాలనూ, ఉదాహరణకు గ్రాన్యులోసైట్లనూ పట్టుకుంటుంది. గ్రాన్యులోసైట్లు దండిగా ఉండే హాడ్జ్‌కిన్‌లో దానితో లెక్క పెరిగిపోతుంది. పీజీఎం1 మాక్రోఫేజ్‌లకు ఎక్కువగా పరిమితం. ఏ క్లోనో రాయని శాతాన్ని మరో ల్యాబ్ శాతంతో పోల్చకూడదు.

రెండోది "హై పవర్ ఫీల్డ్", అంటే మైక్రోస్కోపులో పెద్దది చేసి చూసినప్పుడు ఒక్కసారికి కనిపించే వలయం. 40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద ఫీల్డ్ నంబర్ (ఐపీస్ చూపే వలయం వెడల్పు, మిల్లీమీటర్లలో) 18 ఉన్న ఐపీస్‌లో కనిపించేది దాదాపు 0.16 చదరపు మిల్లీమీటర్లు. ఫీల్డ్ నంబర్ 22 అయితే 0.24. అదే స్లయిడ్ మీద ఒకరికి 15 కణాలు వస్తే, పక్క మైక్రోస్కోపులో 22 వస్తాయి. కోత గీత (ఎక్కువ, తక్కువ గుంపులను విడదీసే అంకె) 15 దగ్గర పెట్టారనుకోండి, రోగి ఏ గుంపులో పడతాడో ఐపీసే నిర్ణయిస్తుంది! చదరపు మిల్లీమీటరుకు ఎన్నో రాయడమే సరైన పద్ధతి.

మూడోది చోటు. నెక్రోసిస్ (చచ్చిన కణజాలం) అంచున, గ్రంథిలోని సైనస్‌లలో (లింఫ్ పారే దారుల్లో), గ్రాన్యులోమాల్లో (వాపు కణాల ముద్దల్లో) మాక్రోఫేజ్‌లు ఎలాగూ గుమిగూడతాయి. అవన్నీ వదిలి, రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలున్న చోటే లెక్కపెట్టాలి. పైగా మాక్రోఫేజ్‌కు చేతుల్లా చాచిన కొసలుంటాయి, ఒకే కణం మూడు గోధుమరంగు ముక్కలుగా కనిపిస్తుంది. అందుకే న్యూక్లియస్ కనిపించినదాన్నే లెక్కేయాలి. స్టెయిన్ పట్టిన విస్తీర్ణం కొలిస్తే అది వేరే కొలత, రెండింటినీ కలపకూడదు.

ఫ్లో సైటోమెట్రీతో (కణాలను ద్రవంలో ఒక్కొక్కటిగా పంపి లెక్కించే పద్ధతితో) ఈ లెక్క తీద్దామనే ఆలోచన వద్దు. కణజాలాన్ని విడదీసేటప్పుడు మాక్రోఫేజ్‌లు చాలావరకు పోతాయి, మిగిలినవాటి శాతం తప్పుదారి పట్టిస్తుంది.

ఆంకోవార్డు:
కొలత సరిగ్గా కుదిరినా అసలు సమస్య తీరదు. బీ కణాల్లో పుట్టే ఫాలిక్యులర్ లింఫోమానే తీసుకోండి. 2004లో 191 మంది బయాప్సీల జీన్ విశ్లేషణలో, రోగి ఎంతకాలం బతుకుతారన్నది క్యాన్సర్ కణాల కంటే చుట్టూ ఉన్న రోగనిరోధక కణాల జీన్ల మీదే ఎక్కువ ఆధారపడినట్టు తేలింది. 2005లో, ఫీల్డుకు 15 కంటే ఎక్కువ మాక్రోఫేజ్‌లుంటే చెడు సూచన అన్నారు. ఆ రోగులు రిటుక్సిమాబ్ (బీ కణాలకు అంటుకునే యాంటీబాడీ మందు) రాకముందు కీమో తీసుకున్నవాళ్లు. రిటుక్సిమాబ్ కలిపాక, 2007లో ఫిన్లాండ్ బృందం చూసిన రోగుల్లో మాక్రోఫేజ్‌లు ఎక్కువుంటేనే ఫలితం మెరుగ్గా ఉంది. ఇంకో బృందానికి ఆ చెడు ప్రభావమే కనబడకుండా పోయింది.

దీనికి అర్థమయ్యే కారణమే ఉంది. రిటుక్సిమాబ్ అంటుకున్న బీ కణాన్ని మాక్రోఫేజ్, యాంటీబాడీ తోకను పట్టే తన ఎఫ్‌సీ గ్రాహకంతో పట్టుకుని మింగేస్తుంది. కీమో ఒక్కటే ఇచ్చినప్పుడు కణితికి కొమ్ముకాసిన కణమే యాంటీబాడీ ఇచ్చినప్పుడు మనవైపు పనిచేస్తుంది. ఏ మందు ఇస్తున్నామో తెలియకుండా "మాక్రోఫేజ్‌లు 20, ప్రోగ్నోసిస్ బాగోలేదు" అని పాథాలజిస్టు ఎలా రాస్తారు?

టీకణం:
మీరంతా ఎన్ని కణాలున్నాయనే చూస్తున్నారు. ఎవరి పక్కన ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అన్నది అంతకంటే ముఖ్యం.

హాడ్జ్‌కిన్‌లో రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాల 9పి24.1 అనే క్రోమోజోమ్ ప్రాంతంలో కాపీలు పెరిగి, టీ కణాలకు బ్రేకు వేసే పిడి-ఎల్1 ప్రోటీన్ విపరీతంగా తయారవుతుంది. వాటిని ఆనుకుని ఉన్న మాక్రోఫేజ్‌లూ పిడి-ఎల్1 మోస్తాయని, వాటి చుట్టూ పిడి-1 (ఆ బ్రేకును అందుకునే గ్రాహకం) ఉన్న సిడి4 టీ కణాలు చేరతాయని 2017లో మల్టిప్లెక్స్ స్టెయిన్‌తో (ఒకే స్లయిడ్ మీద పలు గుర్తులు చూపేదానితో) చూపించారు. అదే స్లయిడ్‌లో దూరంగా ఉన్న మాక్రోఫేజ్‌లలో అంత పిడి-ఎల్1 లేదు. మామూలు సిడి68 లెక్కలో ఈ రెండు రకాలూ ఒక్కటే!

మందుల ఫలితాల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2015 నాటి తొలి ట్రయల్‌లో, పాత చికిత్సలకు లొంగని 23 మంది హాడ్జ్‌కిన్ రోగుల్లో 20 మందికి, పిడి-1ను అడ్డుకునే నివొలుమాబ్ పనిచేసింది. అదే మందు ఫాలిక్యులర్ లింఫోమాలో 92 మందిలో నలుగురికే. అక్కడ టీ కణాలకు కొదవేమీ లేదు. కానీ పిడి-1 ఉన్న టీ కణాల్లో చాలా భాగం ఫాలిక్యులర్ హెల్పర్ కణాలు. బీ కణాలను పోషించడమే వాటి పని, బ్రేకు తీసినా అవి కణితిని చంపవు.

ఇంకో హెచ్చరిక. అడల్ట్ టీ సెల్ లుకేమియా-లింఫోమాలో ఒక్క డోసు నివొలుమాబ్ తర్వాతే ముగ్గురికి జబ్బు వేగంగా ముదిరినట్టు 2018లో ప్రచురించారు. క్యాన్సర్ కణమే టీ కణమైనప్పుడు పిడి-1 దాన్నే అదుపు చేస్తూ ఉండొచ్చు.

పారాఫిన్‌బ్లాక్:
ఇవన్నీ చదివాక కూడా రాయకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు. ముగింపు వాక్యంలో వద్దు, ప్రోగ్నోసిస్ అనే మాట అసలే వద్దు. కింద విడిగా ఒక్క వరుస చాలు: క్లోన్ పేరు, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని, ఎంత విస్తీర్ణంలో లెక్కపెట్టారు, క్యాన్సర్ కణాల దగ్గరా కాదా. ఇప్పుడు హాడ్జ్‌కిన్ మొదటి చికిత్సలోకే నివొలుమాబ్ వచ్చేసింది. ఎస్1826 ట్రయల్‌లో రెండేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు ఏవీడీతో (బ్లియోమైసిన్ లేని ఏబీవీడీతో) నివొలుమాబ్ ఇచ్చినచోట 92 శాతం, దాని బదులు బ్రెంటుక్సిమాబ్ అనే మరో యాంటీబాడీ మందు ఇచ్చినచోట 83 శాతం. కీమో కాలం నాటి కోత గీత ఈ రోగులకు వర్తిస్తుందా అని ఐదేళ్ల తర్వాత అడిగితే, ఇవాళ రాసి పెట్టినవాళ్ల దగ్గరే జవాబుంటుంది.

ఆంకోవార్డు:
అయితే రిజిస్ట్రీలో రాయండి, రోగి చేతికిచ్చే కాగితం మీద కాదు. ఇక్కడ మన మధ్య తేడా తీరేలా లేదు.

స్లయిడ్‌చూపు:
ఎక్కడ రాసినా ముందు కణజాలం సరిగ్గా రావాలి. సూదితో తీసిన ఎఫ్‌ఎన్‌ఏసీలో కణాల అమరికే ఉండదు. వీలైతే గ్రంథిని మొత్తంగా తీయించండి. దాన్ని కోయకుండా అలాగే ఫార్మాలిన్‌లో వేస్తే, గ్రంథి చుట్టూ ఉన్న పొర అడ్డుపడి ఫార్మాలిన్ లోపలికి నెమ్మదిగా దిగుతుంది. మధ్యభాగం కుళ్లి, స్టెయిన్ అంచున ముదురుగా, నడుమ వెలవెలబోతూ వస్తుంది. కాబట్టి తీసిన వెంటనే 3 మిల్లీమీటర్ల పలకలుగా కోసి, కణజాలానికి కనీసం పది రెట్ల పరిమాణంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్‌లో ఉంచాలి.