ఇంగ్లండ్ అడవుల్లో దారి విడిచి పరుగెత్తే హక్కు మనకు కావాలా?

సుద్దనేల:
పోయిన ఆదివారం మా పరుగు బృందంలో మొదలైన వాదన ఇంకా నన్ను వదల్లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

లండన్‌కు దక్షిణాన సర్రేలోని బాక్స్ హిల్ స్టేషన్‌లో దిగి, మోల్ నదిలోని అడుగురాళ్లు దాటి, మెట్లెక్కి కొండమీదికి చేరాం. అక్కడి నుంచి నార్త్ డౌన్స్ వే అనే పొడవాటి కాలిబాట పట్టుకుని రైగేట్ వైపు పరుగు. ఇక్కడ పరుగెత్తినవారికి తెలుసు, తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది. దాని మీద చెకుముకి రాళ్లు కలిసిన బంకమట్టి ఉన్నచోట షూ ఒక్కొక్కటి కిలో బరువెక్కుతుంది. బీచ్ అనే చెట్ల తోపు ఒకదానిలో దారికి అడ్డంగా పెద్ద బురదగుంట వచ్చింది. ముందున్న మిత్రుడు పక్కకు తిరిగి ఎండుటాకుల మీద నుంచి వెళ్లాడు. వెనక ఉన్న ఆరుగురం అతని వెంటే వెళ్లాం.

దాటాక ఎందుకో ఆగి వెనక్కి చూశాను. ఎండుటాకులను చీల్చుకుని వేలెడు పొడవున పచ్చటి మొలకలు, లేత ఉల్లికాడల్లా. బ్లూబెల్ మొక్కలవి. మా షూ అచ్చుల్లో అవి మడతపడి, నలిగి, రసం కారుతున్నాయి. నాలుగడుగుల బాట అక్కడ పన్నెండడుగులైంది. అది మా ఒక్కరి పని కాదు, చలికాలమంతా వచ్చినవాళ్లందరూ తలా ఒక అడుగు పక్కకు వేసిన ఫలితం.

బీచ్ చెట్లు చిగురించి నీడ కమ్మేలోపు దొరికే కొద్ది వారాల వెలుతురుతోనే బ్లూబెల్ దుంప ఏడాదికి సరిపడా ఆహారం కూడబెట్టుకోవాలి. ఆకు నలిగితే ఆ ఏడాది దుంపకు పస్తు. పదేపదే తొక్కిన చోట మళ్లీ పూలు రావడానికి ఏళ్లు పడుతుంది.

తిరుగు రైల్లో మావాళ్లలో సగం మంది, బాటల మీదే కాకుండా అడవుల్లో ఎక్కడైనా తిరిగే హక్కు చట్టంలోకి రావాలన్నారు. నేను వద్దన్నాను. మనకు బాటలు చాలు, అవి బాగుంటే చాలు. మీరేమంటారు?

కొండగాలి:
మీ బాధ నిజమైనదే. మీరు తీసిన సారాంశాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ముందు ఒక మాట. మీరు చూసిన నష్టం ప్రజలకు నడిచే హక్కు ఉన్న బాట మీదే జరిగింది. హక్కు లేని అడవిలో కాదు. బాట ఇరుకై జనం ఎక్కువైతే పక్కలు నలుగుతాయి. లండన్ నుంచి గంటలోపు రైలు ప్రయాణంలో ఉన్న నాలుగైదు కొండల మీదే అందరమూ పడుతున్నాం, ఎందుకంటే మిగతా చోట్ల తలుపులు మూసి ఉన్నాయి. హక్కును విస్తరిస్తే ఆ ఒత్తిడి పలచబడుతుంది.

రెండోది, ఈ దేశంలో నడిచే హక్కును ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. 1932 ఏప్రిల్ 24న పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ మీదికి కొన్ని వందల మంది, చాలావరకు మాంచెస్టర్ ప్రాంతపు కార్మిక యువత, కాపలాదారులను దాటుకుని ఎక్కారు. అయిదుగురు జైలుకు వెళ్లారు. దానివల్ల మరునాడే చట్టం మారలేదు కానీ, ఆ ఒత్తిడి చల్లారలేదు. 1949లో ఒక చట్టం, 2000లో మరొకటి వచ్చాయి. ఈ రెండోది ఇచ్చిన, దారి విడిచి తిరిగే హక్కు కొండలు, మూర్లు (చెట్లు లేని ఎత్తైన బీళ్లు), హీత్‌లు (పొదల బీళ్లు), డౌన్స్ (సుద్ద కొండలు), నమోదైన ఉమ్మడి భూములకే వర్తిస్తుంది. ఇంగ్లండ్ నేలలో అది దాదాపు 8 శాతం. అడవులను ఆ జాబితాలో చేర్చలేదు. ప్రభుత్వానికి సొంత హక్కున్న అడవుల్లో చాలావాటిని తర్వాత అదే చట్టం కింద ప్రజలకు తెరిచారు. అక్కడ మనం కాలినడకన దారి విడిచి తిరగవచ్చు, అయినా ఆ అడవులు నిలిచే ఉన్నాయి. స్కాట్లండ్‌లో 2003 చట్టం అడవులతో సహా దాదాపు అంతటా బాధ్యతతో తిరిగే హక్కు ఇచ్చింది.

2011లో ప్రభుత్వ అడవులను అమ్మాలని చూసినప్పుడు అయిదు లక్షల మందికి పైగా సంతకాలు పెట్టి ఆ ఆలోచనను ఆపించారు. వాళ్లకు అడవి ఫొటోల్లో చూసింది కాదు, కాలికి తగిలింది. జనాన్ని కంచె అవతల నిలబెడితే, రేపు ఆ అడవికి కష్టం వస్తే పలికేవాళ్లు ఉండరు.

కొత్తఅడుగు:
మధ్యలో అడ్డు వస్తున్నాను, క్షమించండి. నిరుడు హైదరాబాదు నుంచి రెడింగ్ వచ్చాను. దగ్గర్లోని చిల్టర్న్స్ కొండల్లో పరుగెత్తడం ఈ మధ్యే మొదలుపెట్టాను. మొన్న ఒక తోపు అంచున "లోపలికి వస్తే విచారణ తప్పదు" అన్న బోర్డు కనిపించింది. పక్కనే స్తంభానికి పసుపు బాణం గుర్తు కూడా ఉంది. ఏది నమ్మాలో తెలియలేదు. వీసా మీద ఉన్నవాణ్ణి, పోలీసు కేసంటే భయం. వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయాను. అలాంటి చోట నేను ఏమి చేయాల్సింది?

పుంతదారి:
కొత్తఅడుగు గారూ, మీరు వెనక్కి రానవసరం లేదు. పసుపు బాణం అంటే ప్రజల కాలిబాట. నడిచినా పరుగెత్తినా అది మీ హక్కు. నీలం బాణం ఉంటే గుర్రాలకు, సైకిళ్లకు కూడా అనుమతి ఉన్న బాట. ఆ బోర్డు బాట పక్కనున్న నేల గురించి పెట్టింది అయివుంటుంది. ఇంగ్లండ్‌లో ఒకరి నేలలోకి ఊరికే అడుగుపెట్టడం మామూలుగా నేరం కాదు, సివిల్ తగాదా. ఏదైనా పాడుచేస్తే, రైలు పట్టాల మీదికో సైన్యం స్థలాల్లోకో వెళ్తే సంగతి వేరు. పొరపాటున దారి తప్పి ఎవరైనా అడిగితే, క్షమించమని చెప్పి దగ్గరి బాట మీదికి వచ్చేయండి. దేశపు మ్యాపులు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 మ్యాపు ఒకటి దగ్గర పెట్టుకోండి. అందులో ఆకుపచ్చ చుక్కగీతలన్నీ మీ దారులే.

ఇక అసలు చర్చకు వస్తే, మీరిద్దరూ అడవి గురించే మాట్లాడుతున్నారు. నా దిగులు బాటల గురించి.

మా ఊరు గోదావరి జిల్లాలో. చిన్నప్పుడు చెరువు గట్టు నుంచి పక్క ఊరి బడికి పొలాల మధ్య పుంత ఉండేది, రెండు బళ్లు తప్పుకునేంత వెడల్పు. ఒకవైపు రైతు ఒక చాలు లోపలికి దున్నాడు, మరుసటి ఏడు ఇంకో వైపు రైతు. నేను కాలేజీకి వెళ్లేనాటికి అది గట్టయింది, ఇప్పుడు అదీ లేదు. ఎవరూ మూసేయలేదు. నడవడం మానేశాం, అంతే.

ఇక్కడ ఆ ప్రమాదానికి విరుగుడు కాగితం మీద ఉంది. 1949 చట్టంతో ప్రతి ప్రాంతంలో దారులన్నీ ఒక అధికారిక మ్యాపులో ఎక్కించడం మొదలుపెట్టారు. పొలానికి అడ్డంగా పోయే కాలిబాటను రైతు దున్నవచ్చు కానీ, మొదటిసారి దున్నిన 14 రోజుల్లోగా దాన్ని మళ్లీ కనిపించేలా చేయాలి. ఆ తర్వాతి పనులకైతే 24 గంటలే గడువు. మ్యాపులోకి ఎక్కని దారి అయినా, ప్రజలు ఎవరి అనుమతీ అడగకుండా, దాపరికం లేకుండా, ఎవరూ ఆపకుండా 20 ఏళ్లు వాడితే అది ప్రజల దారిగా నమోదు కావచ్చు. మరోవైపు, పాతకాలపు దారులను మ్యాపులోకి ఎక్కించడానికి 2000 చట్టం 2026 జనవరి 1ని గడువుగా పెట్టింది. తర్వాత దాన్ని 2031కి జరిపారు. ఆ గడువునే ఎత్తివేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. ఇన్నేళ్లూ ఊళ్లలో వాలంటీర్లు పాత మ్యాపులు, పన్ను రికార్డులు తిరగేస్తూనే ఉన్నారు. పరుగెత్తేవాళ్లం వారం వారం ఆ దారుల మీదే తిరుగుతాం, ఆ పనిలో మాత్రం మనలో ఎంతమందిమి ఉన్నాం?

కొండగాలి:
పుంతదారి గారూ, మీ ఊరి పుంత గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మాది గుంటూరు వైపు, మేము డొంక అంటాం. అదీ అలాగే పోయింది.

అయినా నా పట్టు వదలను. బాటలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. అడవి అంచున ఒక బాట ఆగిపోతుంది, అవతల అరమైలు దూరంలో మరొకటి మొదలవుతుంది, మధ్యలో కార్లు దూసుకుపోయే ఇరుకు రోడ్డు. వంపులో మనిషి కనిపించని ఆ రోడ్డు మీద నా కూతురిని వెంటబెట్టుకుని పరుగెత్తలేను. చట్టం ప్రకారం తిరగదగిన నేలే కొన్నిచోట్ల చుట్టూ ప్రైవేటు పొలాలతో దీవిలా మిగిలిపోయింది. అక్కడ హక్కు ఉంది, చేరే దారి లేదు. అడవికి హక్కు వస్తే ఈ ముక్కలు అతుక్కుంటాయి.

సుద్దనేల:
మీ కూతురి మాటతో నా అభిప్రాయంలో ఒక భాగం మారింది, ఒప్పుకుంటున్నాను. రోడ్డు తప్పించే చోట అడవిలోంచి కొత్త బాట కోసం అడగాలి, గట్టిగా అడగాలి. ఆ దీవులకు దారి కావాలి. పుంతదారి గారు చెప్పిన రికార్డుల పనికి నా పేరు రాసుకోండి, శనివారాలు నాకు ఖాళీ.

అయితే బాట కావాలనడం వేరు, దారి విడిచి ఎక్కడైనా తిరుగుతాననడం వేరు. ఇప్పటికే తెరిచిన హీత్ నేలల్లో నైట్‌జార్, వుడ్‌లార్క్ లాంటి పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. అందుకే అలాంటి చోట్ల మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను పొట్టి పట్టీతో పట్టుకునే నడిపించాలని చట్టం అంటుంది. పరుగెత్తేవాడి కాలు కుక్కకన్నా మెత్తన కాదు. స్కాట్లండ్‌లో జనం తక్కువ, నేల ఎక్కువ. సర్రే కొండల చుట్టూ ఎంతమందిమి ఉన్నామో ఆదివారం ఉదయం డోర్కింగ్ రైలు చూస్తే తెలుస్తుంది.

మా బృందం వరకు ఒక నిర్ణయం తీసుకున్నాం. నేల తడిగా ఉన్నన్నాళ్లు సుద్ద కొండల జోలికి వెళ్లం. డోర్కింగ్‌కు దక్షిణంగా కోల్డ్‌హార్బర్ మీదుగా లీత్ హిల్ వైపు వెళ్తాం. అది ఇసుకరాతి నేల. వాన వెలిసిన కాసేపటికే చాలాచోట్ల నీరు ఇంకిపోతుంది, పైన్ ఆకుల మీద అడుగు మెత్తగా పడుతుంది. కొండ 294 మీటర్లు, పైన 18వ శతాబ్దపు బురుజు ఉంది. ఎక్కడం తేలిక కాదు, కాని బురద తప్పించుకోవడానికి ఎవరూ పక్కకు దిగాల్సిన అవసరం పెద్దగా ఉండదు. ఎక్కడైనా గుంట వస్తే షూ తడిసినా సరే మధ్యలోంచే వెళ్లాలని అందరం అనుకున్నాం.

వచ్చే ఆదివారం తొమ్మిదింటికి డోర్కింగ్ స్టేషన్ బయట ఉంటాం. కొండగాలి గారూ, అమ్మాయిని కూడా తీసుకురండి. కొత్తఅడుగు గారూ, మీరు వస్తే మ్యాపు నేను తెస్తాను, దారి పొడవునా బాణాలు చూపిస్తాను.