మొదటి వెబ్ పేజీ: తెలుగు బదులు పిచ్చి గీతలు, గిట్‌హబ్‌లో ఫొటో రాలా

మొక్కలతోట_చిత్తూరు

అందరికీ నమస్తే. కోడింగ్‌కు పూర్తిగా కొత్త. చిత్తూరు పక్కన మామిడి మొక్కల నర్సరీకి ఒకే ఒక్క పేజీ చేస్తా ఉండా. పైన పేరు, కింద రేట్ల పట్టిక (బంగినపల్లి, తోతాపురి, మల్లిక, ఇమామ్ పసంద్), రెండు ఫొటోలు, ఫోన్ నంబరు. అంతే. పాత పాఠం ఒకదాంట్లో నుంచి పైభాగం కాపీ చేసి, మిగతాది నోట్‌ప్యాడ్‌లో రాసినా.

నా కంప్యూటర్లో తెరిస్తే తెలుగంతా గీతలు, సున్నాలు. అదే ఫైలు నెట్‌లో అందరికీ కనపడేలా గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే తెలుగు బాగానే ఉంది, ఫొటోలు మాత్రం కనపడ్లా. కరపత్రం ఫైల్లో నుంచి తెచ్చి పెట్టిన పేరా రెండు చోట్లా ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగమే. ఫోన్లో చూస్తే అక్షరాలు చీమల్లా ఉండాయి. ముందు పైథాన్ నేర్చుకో అంటా ఉన్నారు కొందరు. అవసరమా?

కపిలతీర్థం_కోడ్

పైథాన్ అక్కర్లేదన్నా. ఈ పేజీకి హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముండాలో రాసేది), కాస్త సీఎస్‌ఎస్ (అది ఎలా కనపడాలో చెప్పేది) చాలు.

గీతల సంగతి: కంప్యూటర్లో చెడి, గిట్‌హబ్‌లో బాగుందంటే ఫైలు మంచిదే, దానికి తగిలించిన చీటీ తప్పు. కాపీ చేసిన పైభాగంలో క్యారెక్టర్ సెట్ (అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో చెప్పే మాట) దగ్గర ఐఎస్ఓ-8859-1 అని ఉంటుంది చూడండి, అది తెలుగు లేని పాత పద్ధతి. గిట్‌హబ్ సర్వర్ మాత్రం పేజీతో పాటు ‘ఇది యూటీఎఫ్-8’ (తెలుగుతో సహా అన్ని భాషలకూ పనికొచ్చే పద్ధతి) అని తానే చెప్పి పంపుతుంది. ఫైల్లో రాసినదాని కంటే సర్వర్ చెప్పిందే బ్రౌజర్‌కు ముఖ్యం. అందుకే అక్కడ తెలుగు సరిగ్గా వచ్చింది.

‘మామిడి’ అనే మాటనే చూడండి. మనకు మూడు అక్షరాలు. కంప్యూటర్‌కు మ, దీర్ఘం, మ, గుడి, డ, గుడి, మొత్తం ఆరు. యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే 18. ఆ పాత చీటీ చూసిన బ్రౌజర్ బైటుకో గుర్తు చొప్పున 18 గుర్తులు గీస్తుంది. ప్రతి మూడింట్లో మొదటిది తలమీద చిన్న గీత ఉన్న ఏ, రెండోది జ్వరం డిగ్రీలకు పెట్టే బుల్లి సున్నా. లెక్కపెట్టి చూడండి.

ఆ పాత వరుస తీసేసి, హెడ్ ట్యాగ్ తెరవగానే మొదటి వరుసగా మెటా ట్యాగ్‌లో చార్‌సెట్ ఈక్వల్స్ యూటీఎఫ్-8 అని పెట్టండి. కిందకు తోసేయకండి, ఫైలు మొదటి 1024 బైట్లలోపే అది ఉండాలి. సేవ్ యాజ్ పెట్టెలో అడుగున ఎన్‌కోడింగ్ కూడా యూటీఎఫ్-8 ఉండాలి. ఆన్సీ అని ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ఇప్పటి గీతలు చీటీ మారిస్తే పోతాయి గానీ ఆ ప్రశ్నార్థకాలు పోవు. మళ్లీ టైపు కొట్టుకోవాల్సిందే.

అలిపిరి_మెట్లు

కరపత్రం పేరా వేరే జబ్బు. డీటీపీ షాపుల్లో అనూ ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లవి. ఆ ఫాంటు లేనిచోట కిందున్న అసలు అక్షరాలు బయటపడతాయి. చార్‌సెట్ ఎంత మార్చినా లాభం లేదు. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. పది వరుసలే అయితే కొత్తగా టైపు చేయడమే తేలిక.

ఫొటోలకు వస్తే, విండోస్‌కు ఫైలు పేర్లలో పెద్ద బడి, చిన్న బడి (ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు) తేడా లేదు. గిట్‌హబ్‌కు ఉంది. కెమెరా ఫైలు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉండి, మీరు కోడ్‌లో చిన్న అక్షరాల్లో రాస్తే ఇంట్లో కనపడుతుంది, అక్కడ కనపడదు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చండి, ఖాళీల బదులు హైఫన్ పెట్టండి. దారి సీ డ్రైవ్ నుంచి మొదలుపెట్టకండి, ఆ డ్రైవ్ మీ ఇంట్లోనే ఉంది! ఫొటో పేజీతో పాటు ఒకే ఫోల్డర్‌లో ఉంటే ఉత్త పేరు చాలు. ఫోన్లో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి పెట్టండి.

వాట్సాప్‌లో నుంచో వర్డ్‌లో నుంచో కోడ్ కాపీ చేస్తే వంకర కొటేషన్లు వచ్చి పడతాయి. బ్రౌజర్ వాటిని కూడా ఫైలు పేరులో భాగమే అనుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లో చెరిపి, నిటారువి కొట్టండి.

కపిలతీర్థం_కోడ్

చీమల అక్షరాల మాట మరిచిపోయినా. మీ పేజీలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (ఫోన్ తెర వెడల్పుకు తగ్గట్టు పేజీ చూపించమని చెప్పే వరుస) లేదు. అది లేకపోతే ఫోన్ మీ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పనుకుని మొత్తాన్నీ కుదించి చూపిస్తుంది. నేమ్‌లో వ్యూపోర్ట్, కంటెంట్‌లో విడ్త్ ఈక్వల్స్ డివైస్-విడ్త్, కామా, ఇనీషియల్-స్కేల్ ఈక్వల్స్ 1. తర్వాత సీఎస్‌ఎస్‌లో ఫొటోలకు మ్యాక్స్-విడ్త్ 100 శాతం, పట్టికకు విడ్త్ 100 శాతం. బాడీకి లైన్-హైట్ 1.7 పెట్టండి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడంలో మన పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి.

నంబరుకు లింకు పెడితే టెల్, కోలన్, ప్లస్ 91, తర్వాత పది అంకెలు, మధ్యలో ఖాళీలు వద్దు. వాట్సాప్ లింకులో మాత్రం ప్లస్ ఉండకూడదు, ఉత్త 91.

మొక్కలతోట_చిత్తూరు

18 గుర్తులు సరిగ్గా ఉండాయన్నా! చీటీ మార్చినా, తెలుగు వచ్చేసింది. ఫోన్లో కూడా బాగుంది. మొదటి ఫొటో వచ్చింది. రెండోదానికి పేరు మార్చినాక నా కంప్యూటర్లో కూడా రావడం లేదు. పేరు అక్షరం అక్షరం సరిచూసినా, తప్పు లేదు.

అలిపిరి_మెట్లు

పేరు మార్చేటప్పుడు చివర డాట్ జేపీజీ మీరే కొట్టినారా? విండోస్ అసలు తోకను దాచి పెడుతుంది కాబట్టి ఇప్పుడు దానికి రెండు తోకలు: డాట్ జేపీజీ, డాట్ జేపీజీ. ఫోల్డర్ పైన వ్యూ మెనూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ చేస్తే కనపడుతుంది, ఒకటి చెరిపేయండి. ఈసారి అప్‌లోడ్ చేసినాక గిట్‌హబ్‌లో పాత పేర్లతో ఉన్న ఫొటోలు తీసేయండి, అవి వాటంతట అవి పోవు. మార్పు వెంటనే కనపడకపోతే మళ్లీ మళ్లీ ఎక్కించకండి. పాత పేజీ పది నిమిషాల దాకా బ్రౌజర్ దగ్గర నిలవ ఉంటుంది. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి.