సమస్య: తన్నుఁ బొగడుకొనుట ధర్మ మగును

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. తన గొప్ప తాను చెప్పుకోకూడదని ఇంట్లో నేర్చుకున్నాం. ఉద్యోగంలో చెప్పుకోకపోతే కుదరడం లేదు. ఆ ఇబ్బంది పద్యాల్లోకి రావాలని నా కోరిక.

పూరణ 1 (విశ్రాంత తెలుగు పండితులు, తెనాలి)

అన్నఁ దూఱి పార్థు డాత్మహత్యకుఁ బూన
శౌరి యిట్టు లనియెఁ జావు మాన్ప
"ఆత్మహత్యకు సరి యాత్మస్తుతియె గాన
తన్నుఁ బొగడుకొనుట ధర్మ మగును"

కర్ణపర్వ ఘట్టం. గాండీవం వేరొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. ధర్మరాజు ఆ మాటే అన్నాడు. పెద్దవాణ్ణి నిందిస్తే చంపినట్టేనని కృష్ణుడు దారి చూపాడు. నిందించాక అర్జునుడు తన మీదికే కత్తి దూశాడు. అప్పటి మాట ఇది.

నిర్వాహకుడు: గురువుగారూ, విరోధం చక్కగా విడిపోయింది. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

పూరణ 2 (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

చేసినట్టి పనులు చెప్పక కూర్చున్న
పక్కవాని ఖాతఁ బడును ఫలము
ఏటి కొక్కసారి రేటింగు నాడైన
తన్నుఁ బొగడుకొనుట ధర్మ మగును

అప్రైజల్ ఫారంలో 'నేను' అని టైప్ చేసి, చెరిపేసి, 'మేము' అని రాశాను. అన్ని వాక్యాలూ అంతే. మేనేజర్ చదివి "ఇందులో మీరు చేసింది ఏదండీ?" అన్నారు. సర్వర్ పడిపోతే రెండు రాత్రులు కూర్చుని లేపింది నేనే. నోరు పెగల్లేదు.

పండితులు: ఏటి, రేటిం అని రెండో అక్షరం 'ట' కలిసి ప్రాసయతి బాగా కుదిరిందమ్మా. 'రేటింగు' తీసి ఇంకో మాట పెడితే అక్కడ అతకదు. కానీ చేసిన పని చెప్పడం పొగడుకోవడం ఎలా అవుతుంది? అది లెక్క అప్పజెప్పడం. ఆ తేడా పద్యంలో కనబడలేదు.

ఉద్యోగిని: నిజమే గురువుగారూ. ఆ ఫారం ముందు కూర్చుంటే రెండూ ఒకేలా అనిపిస్తాయి. "గొప్పలు పోకు" అన్న అమ్మ మాటే చెవిలో ఉంటుంది.

పూరణ 3 (నర్సు, విశాఖపట్నం)

నిండుకుండ తొణకదని యూరకున్నచో
నీటి విలువ యెవరు నేర్వగలరు
దప్పిగొన్న వాని దరిఁ జేర్చుకొనుటకై
తన్నుఁ బొగడుకొనుట ధర్మ మగును

చంటిపిల్లలకి నరం ఓ పట్టాన దొరకదు. కొత్తమ్మాయి చెయ్యి వణుకుతుంటే "నాకు మంచి చెయ్యి ఉంది, ఇటివ్వు" అనాలి. మొహమాటపడితే ఇంకో రెండు పోట్లు ఆ పసివాడికే.

నిర్వాహకుడు: తల్లీ, మొదటి పాదంలో యతి తప్పింది. పాదం మొదటి అక్షరం 'ని'కి నాలుగో గణం మొదట 'ద' చెల్లదు. "నిండుకుండ వోలె నిలిచి యూరక యున్న" అంటే సరిపోతుంది. మిగతా మూడు పాదాల జోలికి వెళ్ళకండి. ఇన్నాళ్ళూ కుండ గురించే విన్నాం, దప్పిగొన్నవాణ్ణి మీరు తెచ్చారు.

పూరణ 4 (బ్యాంకు ఉద్యోగి, వరంగల్)

కడలి యంచుఁ గపులు కంపించు నావేళ
పావని తన బలముఁ బలికె నాడు
సాటివారి గుండె జంకు తీరుటకైన
తన్నుఁ బొగడుకొనుట ధర్మ మగును

పండితులు: నాయనా, 'ఆవేళ' అన్నాక 'నాడు' వ్యర్థపదం. "పావని తన బలముఁ బలికెఁ దానె" అనండి, భావానికీ బలం వస్తుంది. ఆ హనుమంతుడే సుందరకాండలో సీతమ్మతో ఏమన్నాడు? సుగ్రీవుడి దగ్గర నన్ను మించినవాళ్ళు, నాతో సమానులు ఉన్నారు గానీ నాకంటే తక్కువవాడు లేడన్నాడు. వానరుల ముందు తన్ను పెంచుకున్నాడు, సీతమ్మ ముందు తగ్గించుకున్నాడు. రెండుసార్లూ ఎదుటివాళ్ళ ధైర్యం కోసమే.

ఉద్యోగిని: గురువుగారూ, నా మొదటి పాదం మార్చాను: "చేసిన పని లెక్క చెప్పక కూర్చున్న". ఇప్పుడు సరిపోయిందా?

పండితులు: సరిపోయిందమ్మా. ఫారం కూడా అలాగే మార్చు.